చిన్న చాకు చాలన్నది నేను

నా హ్యాండ్‌బ్యాగులో చాకు ఉంటుందని తెలిస్తే మగవాళ్ళు నవ్వుతారు. ఆడవాళ్ళు మాత్రం, "ఏదీ, ఒకసారి ఇటివ్వండి, ఈ దారం తెంపుకుంటాను" అంటారు. చాకు విలువ ఎవరికి తెలుసో అక్కడే తేలిపోతుంది.

నేను వ్యవసాయ శాఖలో పని చేస్తాను. కాపురం తెనాలిలో. ఉద్యోగం మొన్నమొన్నటిదాకా రేపల్లె చుట్టుపక్కల పొలాల్లో. వరి చేలో అక్కడక్కడా మొవ్వు ఎండిపోయి కనిపిస్తే ఆ పిలకను పీకి, కాండాన్ని నిలువునా చీల్చి చూడాలి. లోపల పురుగు ఉంటే రైతుకు అరచేతిలో పెట్టి చూపించాలి. చూపించకుండా మందు పేరు చెబితే రైతు నమ్మడు, నమ్మకూడదు కూడా.

ఆ పనికి చిన్న చాకే కావాలి. నాది బాపట్లలో చదువుకునే రోజుల్లో, అంటు కట్టడం నేర్చుకోవడానికి కొన్నది. మడిస్తే చూపుడు వేలంత ఉంటుంది. గోటితో లాగితే తెరుచుకుంటుంది. పురుగుకు దెబ్బ తగలకుండా కాండం చీలుతుంది. అదే పని పెద్ద చాకుతో చేస్తే కాండమూ నలుగుతుంది, పురుగూ నలుగుతుంది, చివరికి రైతుకు చూపించడానికి తడి తప్ప ఏమీ మిగలదు. విత్తనాల సంచి కుట్టు విప్పాలన్నా, పెన్సిలు చెక్కాలన్నా, జామకాయ ముక్కలు చేసుకోవాలన్నా నాకు ఎప్పుడూ అదే సరిపోయింది. పైగా చిన్న చాకు తీస్తే పక్కనున్న మనిషి ముందుకు వంగి చూస్తాడు. పెద్దది తీస్తే ఒక అడుగు వెనక్కి వేస్తాడు. ఇన్నేళ్ళు పొలం గట్ల మీద తిరిగి నేను తెలుసుకున్నది ఇది.

ఈ సంగతి అర్థం కానిదల్లా అక్కకే. అక్క అంటే తోడబుట్టిన అక్క కాదు. తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే పాసింజరు రైల్లో పరిచయమైన మనిషి. రేపల్లెలో ఒక ఆఫీసులో సీనియరు. నాకంటే బాగా పెద్ద. సీజన్ పాసుల ఆడవాళ్ళం ఒక అరడజను మందిమి రోజూ ఒకే పెట్టెలో ఎక్కేవాళ్ళం. ఆ పెట్టెకు ఆవిడే పెద్దదిక్కు. ఎవరు కిటికీ పక్కన కూర్చోవాలో, ఏ రోజు ఎవరు ఏం తేవాలో అన్నీ ఆవిడే తేల్చేది. నాకు పాప పుట్టాక ఇక ఉద్యోగం మానేస్తానని కూర్చుంటే రోజూ ఫోన్ చేసి తిట్టింది. "మానేసి ఏం చేస్తావే, చాకుతో వంకాయలు తరుగుతావా?" అంది. ఆ తిట్ల వల్లే నేను మళ్ళీ రైలెక్కాను. అందుకే ఆవిడంటే నాకు గౌరవం కాదు, ప్రాణం.

నా చాకును చూస్తే ఆవిడకు ఒకటే వేళాకోళం. "దీంతో ఏం కోస్తావే, దోమనా?" అనేది. వేసవిలో పచ్చి మామిడికాయలు తెచ్చుకునేవాళ్ళం, ఉప్పూకారం పొట్లంతో సహా. నా చాకు కండ వరకూ బాగానే కోసేది. టెంక దగ్గర ఆగిపోయేది. అందరూ నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేదాన్ని. టెంక తినేవాళ్ళు ఎవరున్నారు కనుక?

"పెద్దది పెట్టుకోవే" అనేది ఆవిడ. "ఒంటరిగా చేలమ్మట తిరుగుతావు. చేతిలో పట్టుకుంటే చాకులా ఉండాలి గానీ, తాళంచెవిలా ఉంటే ఎట్టా?"

"చేలో నన్నెవరేం చేస్తారక్కా? అందరూ నన్ను 'అమ్మా' అని పిలిచేవాళ్ళే. చిన్నది చాలు" అనేదాన్ని నేను.

ఈ వాదన మా పెట్టెలో అందరికీ కంఠస్థం. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఇప్పుడు గుర్తున్నది నాకొక్కదానికే.

ఒక ఆదివారం ఆవిడ ఇంటిల్లిపాదీ వాడరేవు సముద్రానికి వెళ్ళొచ్చారు. సోమవారం పొద్దున రైల్లో కూర్చోగానే సంచిలోంచి కాగితంలో చుట్టిన చాకు తీసింది. చెక్క పిడి, మడిచినా అరచేతిని దాటిపోయే పొడవు. తెరవడానికి రెండు చేతులూ కావాలి, తెరుచుకోగానే టక్కుమని బిగుసుకుంటుంది. దాన్ని నా చేతికివ్వలేదు. సీటు మీద మా ఇద్దరి మధ్యా పెట్టి, "తీసుకో" అంది.

చేతికివ్వకపోవడంలో తప్పేమీ లేదు. మా వైపు చాకూ కత్తెరా చేతిలోంచి చేతికి ఇచ్చుకోరు, ఇచ్చుకుంటే గొడవలొస్తాయంటారు. కింద పెడితే రెండోవాళ్ళు తీసుకుంటారు. నేను సైన్సు చదివినదాన్ని, రైతులకు మూఢనమ్మకాలు వద్దని మీటింగుల్లో చెప్పేదాన్ని. అయినా చాకు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వను. మా పెట్టెలో లెక్కల టీచరు ఒకావిడ ఉండేది, ఆవిడా ఇవ్వదు.

"ఇంత పెద్దది నాకెందుకక్కా?" అన్నాను అందరి ముందూ.

"నీ మంచికే చెప్తున్నా. నా మాట విను" అంది. ఆ మాటలో ప్రేమ ఉంది. ఇప్పటికీ ఉందనే అంటాను. అది కాదనలేక తీసుకున్నాను. అప్పటినుంచి నా బ్యాగులో రెండు చాకులు. చేలోకి చిన్నది, రైల్లోకి పెద్దది. మామిడి టెంకలు టపటపా పగిలేవి. అక్క ఆనందం చూడాలి, ఆ కాయలు తానే కాయించినట్టు అందరికీ పంచేది.

ఒకరోజు పొద్దున రైలు కిటకిటలాడుతోంది. వేమూరులో ఎక్కే లెక్కల టీచరు కోసం అక్క ఎప్పటిలాగే సీటు మీద కర్చీఫ్ వేసింది. ఒక పెద్దమనిషి వచ్చి ఆ కర్చీఫ్ తీసి కిటికీ ఊచల మీద వేసి కూర్చున్నాడు. అక్క లేచింది. "ఏంటండీ, కర్చీఫ్ కనపళ్ళేదా?" అంది. "రైలేమన్నా మీ ఇల్లాండీ?" అన్నాడాయన. మాటా మాటా పెరిగింది. నేను కాయ కోస్తున్నాను. గొడవ చల్లార్చుదామని, చాకున్న చేయి అలాగే ఊపుతూ, "పోనివ్వండి బాబాయిగారూ, ఆవిడ వచ్చేదాకా కూర్చోండి, తర్వాత సర్దుకుందాం" అన్నాను. నేనన్నది సర్దుకుందామనే. ఆయన ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాడు.

వేమూరులో టీచరు ఎక్కి ఎదుటి సీటులో ఇరుక్కుంది. భట్టిప్రోలు దాటాక అక్క శాంతించింది. "ఇటియ్యవే, నా కాయ నేను కోసుకుంటా" అంది. నేను చాకు తుడిచి మా ఇద్దరి మధ్యా సీటు మీద పెట్టాను. ఆవిడ తీసుకోబోయేలోపే ఆ పెద్దమనిషి పక్క పెట్టెలోని రైల్వే కానిస్టేబుల్‌ని వెంటబెట్టుకొచ్చాడు. చేతిలోంచి చేతికి ఇచ్చుకునే జనమైతే ఆ క్షణానికి చాకు ఆవిడ చేతిలో ఉండేది.

"ఇది ఎవరిదండీ?" అన్నాడు కానిస్టేబుల్.

నేను నోరు తెరవలేదు. భయపడి కాదు. అక్క చెబుతుందనుకున్నాను. పెట్టెలో దేనికైనా జవాబు చెప్పేది ఆవిడేగా! "మామిడికాయల కోసం నేనే తెచ్చాను నాయనా, ఓ ముక్క నువ్వూ తిను" అంటుందని, అందరం నవ్వుకుంటామని, నిజంగా అలాగే అనుకున్నాను.

ఆవిడ చాకుకు తగలకుండా కొంగు ఇటు లాక్కుంది. "నాది కాదండి. ఈ అమ్మాయిది. ఇంత పెద్దదెందుకే, చిన్నది పెట్టుకోవే అని ఎన్నిసార్లు చెప్పానో. వింటేగా!" అంది.

నాది కాదనడం అర్థమైంది. భయం ఎవరికైనా భయమే. కానీ ఆ రెండో మాట ఎందుకు? చిన్నది చాలన్నది నేను. ఆ మాట నాది. నా నోట్లోంచి తీసుకుని నా మీదే విసిరింది.

కానిస్టేబుల్ మర్యాదస్తుడే. రేపల్లెలో దించి, గుర్తింపు కార్డు చూసి, మామిడి తొక్కలు చూసి, "ఇలాంటివి రైల్లో తేకండి మేడం" అని చాకు ఉంచేసుకుని పంపించాడు. అక్కడితో అయిపోయేది. వీడియో మాత్రం అయిపోలేదు. నేను చాకు ఊపడం, కానిస్టేబుల్ అడగడం, అక్క జవాబు, అన్నీ ఉన్నాయందులో. సాయంత్రానికి మా ఆఫీసు గ్రూపులోకి వచ్చింది.

మా సార్ పిలిచి, "కాయలు కోస్తున్నారని నాకు తెలుసమ్మా. కానీ పైవాళ్ళు అడుగుతున్నారు. మీ పక్కనావిడే వద్దని చెప్పినా వినలేదంటోంది. దానికి నేనేం చెప్పను? ఆవిడతో ఒక్క ఫోన్ చేయించండి. అది తను తెచ్చిందేనని, పళ్ళ కోసమేనని అంటే నేను ఇక్కడే ముగించేస్తాను. లేకపోతే మిమ్మల్ని ఫీల్డు నుంచి తప్పించమంటారు" అన్నారు.

ఒక్క ఫోన్. నా పొలాలు నాకు ఉండటానికి కావలసింది అంతే.

మర్నాడు పొద్దున తెనాలి ప్లాట్‌ఫారం మీద ఆవిడ కోసం చూశాను. మా పెట్టె దగ్గర లేదు. చివరి పెట్టె దగ్గర నిలబడి ఉంది. అక్కడికే వెళ్ళాను.

"అక్కా, మా సార్‌కి ఒక్క మాట చెప్పండి. మీ పేరు ఎక్కడా రాయరు" అన్నాను.

"నన్నెందుకు లాగుతావే ఇందులోకి? వచ్చే ఏడు రిటైర్మెంటు నాకు. పోలీసుల గొడవలో నా పేరు వినబడితే ఏమవుతుందో నీకేం తెలుసు?"

"నా ఉద్యోగం సంగతేంటక్కా?"

"నీ ఉద్యోగం ఎక్కడికి పోద్దిలే. చూద్దాం."

చూద్దాం అంటే మా వైపు అర్థం ఏమిటో చెప్పక్కర్లేదు. మిగిలినవాళ్ళను అడిగాను. "అక్క చెబితే మేమూ చెప్తాం" అన్నారు. అక్క లేకుండా వాళ్ళు మామిడికాయ కూడా కొరకరు. ఆవిడకు ఆ వారమంతా ఫోన్ చేశాను. మోగేది, ఆగిపోయేది. నాకు కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, మళ్ళీ సిగ్గు విడిచి ఫోన్ చేశాను. తీయలేదు.

నన్ను బాపట్ల ఆఫీసులో కూర్చోబెట్టారు. ఇప్పుడు వేరే రైలు, వేరే జనం. ఏసీ గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని, ఎవరో చీల్చి చూసిన కాండాల ఫోటోలు చూస్తుంటాను. కొన్నింటిలో పురుగు నలిగిపోయి ఉంటుంది. పెద్ద చాకు వాడారని తెలుస్తుంది. చెప్పడానికి అక్కడ ఎవరూ ఉండరు.

ఆవిడ రిటైరయ్యాక ఒక మధ్యాహ్నం మా ఇంటికి వచ్చింది. సున్నుండలు తెచ్చింది. పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. సన్మానం ఎంత బాగా జరిగిందో చెప్పింది. నేను కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చున్నాను. వచ్చిందంటే చెప్పడానికే వచ్చిందనుకున్నాను. "తప్పైపోయిందే" అంటే చాలు. నిజం చెప్పాలంటే, ఆ మాట అనకముందే నేను సగం కరిగిపోయి ఉన్నాను.

ఆవిడ కాఫీ గుటకేసి, "ఏం చేస్తాం, నా మాట విని ఆ చిన్న చాకే పెట్టుకుని ఉంటే నీకీ తిప్పలు ఉండేవి కావు" అంది.

"ఆ పెద్దది ఎవరు కొన్నారక్కా?" అన్నాను మెల్లగా.

"నువ్వే కదే. వాడరేవులో."

"వాడరేవు వెళ్ళింది మీరు."

"మేమూ వెళ్ళాం. ఎండు రొయ్యలు తెచ్చుకున్నాం. నేను చాకెందుకు కొంటానే?" అని నవ్వింది.

ఆవిడ ముఖంలోకి చూశాను. ఆవిడ అబద్ధమాడితే నాకు తెలుస్తుంది. ఆఫీసుకు ఆలస్యమై రైలు మీద నెపం వేసేటప్పుడు ఎన్నిసార్లు పక్కన కూర్చుని వినలేదూ! కళ్ళు పక్కకు పోతాయి, గొంతు ఒక మెట్టు లేస్తుంది. ఇప్పుడు అదేమీ లేదు. నిమ్మళంగా, కాస్త జాలిగా నన్నే చూస్తోంది. ఆవిడ అబద్ధమాడటం లేదు. ఎప్పుడో, ఎక్కడో, నమ్మేసింది. తను నాకు అన్యాయం చేసిందన్న సంగతి ఈ భూమ్మీద ఆవిడకే తెలియదు. నేను ఇన్నాళ్ళూ ఎదురుచూసిన మాట ఇక ఏ జన్మకూ ఆవిడ నోట రాదు.

పాపను ఆవిడ ఒళ్ళోంచి తీసుకున్నాను. వెళ్ళి వీధి తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాను.

"ఏంటే, అప్పుడే పంపించేస్తున్నావా?" అంది అక్క నవ్వుతూనే.

"అవునక్కా. వెళ్ళండి" అన్నాను.