జరం వచ్చిన ఇంజను

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. ఇది చదివాక మీరు దయ్యం అనుకున్నా, దేవుడి మహిమ అనుకున్నా, నా భ్రమ అనుకున్నా మీ ఇష్టం. ఆ మాట నా నోటితో అనిపించాలని మాత్రం చూడకండి. ఇన్నేళ్లలో చాలామంది చూశారు, వాళ్ల వల్ల కాలేదు. అసలు ఈ సంగతిలో చనిపోయినవాళ్లే లేరు.

ఎనభైల చివరి మాట. మాది వేంసూరు దగ్గర ఒక పల్లె. డిప్లొమా అయ్యాక భద్రాచలం అడవుల అంచున, గోదావరి ఒడ్డున, అణు విద్యుత్తుకు సంబంధించిన ఒక ప్లాంటులో ఉద్యోగం దొరికింది. దాని పేరు రాయను. తప్పు ప్లాంటుది కాదు, నాది.

నా పని ఎమర్జెన్సీ డీజిల్ జనరేటర్లు చూసుకోవడం. బయటి నుంచి వచ్చే కరెంటు పోతే ఇంజను దానంతటదే లేవాలి. పది సెకన్లలో ముఖ్యమైన పంపులన్నిటికీ కరెంటు ఇవ్వాలి. ఏడాదంతా అది ఊరికే నిలబడి ఉంటుంది. ఎప్పుడో వచ్చే ఆ పది సెకన్ల కోసమే మమ్మల్ని పెట్టుకున్నారు.

ఊరికే నిలబడినా ఇంజను చల్లబడకూడదు. చల్లబడితే డీజిల్ సరిగా అంటుకోదు. అందుకని దానిలో తిరిగే నీళ్లను ఒక హీటరు ఎప్పుడూ వెచ్చగా ఉంచుతుంది. రోజూ పొద్దున మీటరు చూసి, యాభై డిగ్రీలకు తగ్గలేదని రిజిస్టరులో రాసి సంతకం పెట్టాలి. ప్రతి సోమవారం ఒకసారి నడిపి చూడాలి.

నాకు సాయంగా లచ్చయ్య ఉండేవాడు. అడవిలో గూడెం మనిషి. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. అయినా అతను నన్ను సారు అనేవాడు, నేను అతన్ని నువ్వు అనేవాణ్ణి. చదువు లేదు కాబట్టి మీటరు జోలికి పోడు. ఇంజను ఒంటికే పక్క భాగంలో వరసగా చిన్న ఇనుప తలుపులు ఉంటాయి. వాటిలో మూడో తలుపు మీద, పసిబిడ్డకు జ్వరం చూసినట్టు చేతి వెనక వైపు ఆనించేవాడు.

"జరం ఉన్నది సారు, రాసుకో" అనేవాడు. "మనకు జరం వస్తే పరేషాన్, దీనికి పోతే పరేషాన్."

అతను ఉన్నదంటే మీటరులో యాభై ఉండేది. మొదట్లో నవ్వుకున్నాను. తర్వాత అలవాటైపోయింది.

డిసెంబరులో ఒక పొద్దున అతను చెయ్యి ఆనించి వెంటనే తీయలేదు. మళ్లీ ఆనించాడు. "సారు, దీనికి జరం పోయింది. సల్లగున్నది."

మీటరు యాభై రెండు చూపిస్తోంది. అద్దం మీద వేలితో కొట్టాను. ముల్లు కదల్లేదు. ఇరుక్కుపోయింది. హీటరు ఫ్యూజు కాలిపోయి ఉంది. కొత్తది వేస్తే అదీ కాలింది. మూడోది వెయ్యలేదు.

ఇక్కడే నా తప్పు మొదలైంది. హీటరు పోయిందని రాస్తే ఇంజను పని చేయదని ప్రకటించాలి, బాగయ్యేదాకా నేను కదలకూడదు. వచ్చే వారం హైదరాబాదులో క్రికెట్ మ్యాచ్ చూడ్డానికి నాలుగు రోజులు సెలవు పెట్టుకున్నాను. మ్యాచ్ కోసం. ఇంతకంటే గొప్ప కారణం ఉందని చెప్పాలనే ఉంది, కానీ లేదు. హీటరు స్విచ్ కట్టేశాను. వెయ్యని ఆ మూడో ఫ్యూజు జేబులో వేసుకొచ్చి నా సొరుగులో పడేశాను. రిజిస్టరులో యాభై రెండు అని రాశాను. మ్యాచ్ చూసొచ్చాక బాగుచేయిస్తే, ఇన్నాళ్లూ ఏం రాశావని అడుగుతారు. అందుకని తర్వాతా రాస్తూనే పోయాను.

లచ్చయ్య నాలుగు రోజులు నాకే చెప్పాడు. ఐదో రోజు షిఫ్ట్ ఇంజనీరు దగ్గరకు పోయాడు. ఇంజనీరు నన్ను పిలిచి అడిగితే, "తాగి ఉంటాడు సార్. మీటరు చూడటం కూడా రాదు" అన్నాను. లచ్చయ్య అక్కడే నిలబడి ఉన్నాడు.

"మీటరు నాకు రాదు సారు" అన్నాడు నెమ్మదిగా. "జరం ఎరుకే."

మర్నాడు అతన్ని కంచె వెంట గడ్డి కోసే పనిలో వేశారు. అక్కడ వాగు, ఎటు చూసినా దోమలు. రెండు వారాలు తిరక్కుండానే అతనికి మలేరియా పట్టింది. భద్రాచలం దవాఖానాలో చేర్చారని తెలిసింది. నేను పోలేదు.

అంతదాకా సోమవారం టెస్టులకు ఇంజను ఎట్లాగో లేచింది. జనవరిలో చలి ముదిరాక ఒక సోమవారం మొదటి ప్రయత్నంలో అంటుకోలేదు. రెండోసారీ అంటుకోలేదు. మూడోసారి షెడ్డంతా తెల్లటి పొగ నింపుకుంటూ లేచింది. చల్లటి ఇంజను అట్లాగే చేస్తుంది. నేనొక్కణ్ణే ఉన్నాను. "మొదటి ప్రయత్నం, తొమ్మిది సెకన్లు" అని రాశాను.

బుధవారం పొద్దున ఎదుటి మనిషి కనిపించనంత పొగమంచు. ఆ రోజు గోదావరి ఒడ్డున ప్లాంటుకు నీళ్లు తోడే బావిలో పూడిక తీయడానికి ముగ్గురు దిగారు. అరవై అడుగుల లోతు. నది వైపు గేటు కారుతుంది కాబట్టి లోపల పంపు ఆగకుండా నడవాలి. ఆగితే పావుగంటలో మనిషి మునిగేంత నీళ్లు చేరతాయి. నిచ్చెనంతా పాకుడు, చీకట్లో ఎక్కడం జరగని పని. ఆ ముగ్గురిలో ఒకడు మా బామ్మర్ది శ్రీను. ఆ పని ఇప్పించింది నేనే. వాళ్లు దిగడానికి ఇచ్చిన పర్మిట్ మీద "జనరేటర్ సిద్ధం" అని సంతకం పెట్టిందీ నేనే.

ఏడున్నరకు ఇంజను షెడ్డులోకి వెళ్లాను. ఎందుకు చేశానో తెలియదు, లచ్చయ్యను గడ్డి పనికి మార్చాక ఎవరూ చేయని పని చేశాను. మూడో తలుపు మీద చేతి వెనక వైపు ఆనించాను.

వెచ్చగా ఉంది.

ఇనుము ఎండకు వేడెక్కితే చెయ్యి చురుక్కుమంటుంది. ఇది అట్లా లేదు. జ్వరంతో పడుకున్న మనిషి నుదురు ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. చెయ్యి లాగేసుకున్నాను. రెండో తలుపు చూశాను, చల్లగా ఉంది. నాలుగోది చూశాను, అదీ చల్లగానే ఉంది. మళ్లీ మూడోది ముట్టుకోవడానికి ధైర్యం చాల్లేదు.

అప్పుడే లైట్లు ఆరిపోయాయి. మంచుకు బయటి లైను పోయింది. బావిలో శ్రీను ఉన్నాడన్న ఒక్కటే గుర్తుంది. ఇంజనును స్టార్టు చేసే గాలి బుస్సుమంది, ఇంజను తిరిగింది, మొదటిసారికే అంటుకుంది. లైట్లు వచ్చాయి. తెల్ల పొగ లేదు. కంట్రోల్ రూములో కాగితం మీద మిషను గీసిన గీత ప్రకారం తొమ్మిది సెకన్లు. సోమవారం నేను అబద్ధం రాసిన అంకె అదే.

షిఫ్ట్ ఇంజనీరు వచ్చి భుజం తట్టాడు. "మెయింటెనెన్స్ అంటే ఇట్లా ఉండాలయ్యా" అన్నాడు. నేను రిజిస్టరు మూసేశాను. శ్రీను ఒళ్లంతా బురదతో పైకొచ్చి నవ్వుతూ, "ఏం బావా, నీ బండి లేవకపోతే మా అక్కకు ఏం జవాబు చెప్పేవాడివి?" అన్నాడు.

మర్నాడు భద్రాచలం వెళ్లాను. దవాఖానా వరండాలో లచ్చయ్య భార్య మల్లమ్మ గంజి చల్లారుస్తోంది. ఎట్లా ఉన్నాడని అడిగాను.

"తొమ్మిది దినాలు పొయ్యి తీర్గ కాలిండు సారు. నిన్న పొద్దుగాల ఒక్కపారే ఒళ్లు సల్లబడ్డది. సచ్చిండనుకొని ఒర్లి ఏడ్సిన. నేను ఒర్లుతుంటెనే లైట్లు పోయినయ్."

భద్రాచలానికీ మాకూ పోయింది ఒకే లైను.

లోపల లచ్చయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు. సగమైపోయాడు. నేను నోరు తెరవకముందే అడిగాడు. "సారు, దానికి జరం వచ్చిందా?"

అప్పటికి ప్లాంటు నుంచి ఎవరూ అతని దగ్గరకు రాలేదు. ఆ సంగతి మల్లమ్మను రెండుసార్లు అడిగి తెలుసుకున్నాను.

"వచ్చింది" అన్నాను. తర్వాత అన్నీ చెప్పాను. ఫ్యూజు, మ్యాచ్, తాగాడని నేనన్న మాట, అన్నీ. "మీరు చెప్పిందే నిజం. నన్ను క్షమించండి" అన్నాను.

అతను నా మొహంలోకి చూసి నవ్వాడు. "గిదేంది సారు, నన్ను ‘మీరు’ అంటున్నవ్? జరం నాకా, నీకా?"

తిరిగి వచ్చి రిజిస్టరులో నా తప్పుడు అంకెలన్నిటి పక్కన ఎర్ర సిరాతో నిజం రాశాను. హీటరు విప్పితే లోపలి తీగ రెండు ముక్కలై ఉంది. నన్ను సస్పెండ్ చేశారు. తర్వాత తీసుకున్నారు గానీ ఏళ్ల తరబడి ప్రమోషన్ ఇవ్వలేదు. న్యాయమే. లచ్చయ్య జనరేటర్ షెడ్డుకు తిరిగి వచ్చాడు.

చదువుకున్నవాళ్లు నాకు చాలా కారణాలు చెప్పారు. ఎండ తగిలి ఉంటుందన్నారు. ఆ రోజు తొమ్మిదింటిదాకా సూర్యుడే కనిపించలేదు. రాత్రి ఎవరో నడిపి ఉంటారన్నారు. ఇంజను ఎన్ని గంటలు తిరిగిందో లెక్కపెట్టే గడియారం సోమవారం ఎక్కడుందో అక్కడే ఉంది. హీటరు కాసేపు పనిచేసిందేమో అన్నారు. తీగ ముక్కలైంది, స్విచ్ కట్టేసి ఉంది, ఫ్యూజు నా సొరుగులో ఉంది. నీ చేతి భ్రమ అన్నారు. సరే, భ్రమే అనుకుందాం. తొమ్మిది సెకన్ల గీత గీసింది నా చెయ్యి కాదు.

గూడెం వాళ్లు ఇంకో కారణం చెప్పారు. అదీ నేను ఒప్పుకోను. దాన్ని ఒప్పుకుంటే నా పాపం సగం దేవుడి ఖాతాలో పడుతుంది. ఫ్యూజు దాచింది దేవుడు కాదు. ఆ పెద్దాయన్ని దోమల్లోకి తోసింది దయ్యం కాదు.

లచ్చయ్య రిటైరయ్యేలోపు అతన్ని ఒకే ఒక్కసారి అడిగాను. ఆ పొద్దున ఏం జరిగింది, మీకేమైనా తెలుసా అని.

"నాకేమెరుక సారు? నాకు జరం" అన్నాడు. అని మూడో తలుపు మీద చెయ్యి ఆనించి, "ఉన్నది, రాసుకో" అన్నాడు.

నేను మీటరు చూడకుండానే రాసుకున్నాను. ఆ బుధవారం ఆ తలుపు ఎందుకు వెచ్చగా ఉందో ఈ రోజుకీ నాకు తెలియదు. తెలిసినట్టు ఇంకోసారి అబద్ధం రాయను.