కాన్పు గదిలో ఎవరిని అడిగాను

1974 జూన్‌లో నన్ను పాతబస్తీలోని ఒక ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రికి స్టాఫ్ నర్సుగా వేశారు. నా పైన సిస్టర్ ఇన్‌ఛార్జి, ఆమె పైన మేట్రన్. కాన్పు గదిలో పగటి డ్యూటీ నాది.

ఆ గది గుమ్మం పక్కన, చనిపోయిన పాత మేట్రన్ ఫోటో ఉండేది. కష్టమైన కాన్పు వస్తే నర్సులు ఆ ఫ్రేమును తాకి, "మేట్రనమ్మా, గట్టెక్కించు" అనుకునేవారు. మాలో సగం మంది క్రైస్తవులమే. మొక్కవలసింది ఒక్క దేవునికే అని ఆదివారం చర్చిలో బైబిలు వాక్యం వినేవాళ్ళం, సోమవారం ఫ్రేము తాకేవాళ్ళం. నాకైతే అది తప్పని తోచనే లేదు. ఆమె అంత మంచి మనిషి మరి.

ఒక మధ్యాహ్నం కిషన్‌బాగ్ నుంచి వచ్చిన యాదమ్మకు కాన్పయింది. బిడ్డ క్షేమం, మాయ కూడా పూర్తిగా పడింది. కానీ రక్తం ఆగలేదు. కాన్పయ్యాక గర్భసంచి క్రికెట్ బంతిలా గట్టిపడాలి, అప్పుడే రక్తనాళాలు మూసుకుంటాయి. ఆమెది మెత్తగానే ఉండిపోయింది. ఇంజెక్షన్ ఇచ్చాను, సెలైన్ ఎక్కించాను, పొత్తికడుపు మీద మర్దన మొదలుపెట్టాను. డాక్టరమ్మ థియేటరులో మరో ఆపరేషన్‌లో ఉన్నారు. కబురు వెళ్ళింది. యాదమ్మ నాడి అందీ అందకుండా ఉంది. మర్దన పని ఆయా మరియమ్మకు అప్పగించి, ఫోటో దగ్గరికి పరుగెత్తాను.

"యాడికి వోతున్నవ్ సిస్టరమ్మా? ఇటు రా, నీ చెయ్యి ఈడ వెట్టు!" అని మరియమ్మ గద్దించింది. "మేట్రనమ్మ బతికున్నప్పుడు ఆమె గూడ దేవుణ్ణే అడిగేది. సచ్చిపోయినామెను నువ్వు అడుగుడేంది?"

ఆయా స్టాఫ్ నర్సును గద్దించడం మా ఆసుపత్రిలో ఎన్నడూ జరగని పని. నాకు కోపం రాలేదు, సిగ్గేసింది. తిరిగొచ్చి చెయ్యి పెట్టాను. యేసు తన శిష్యులకు నేర్పినట్టు, పైనున్న తండ్రిని నేరుగా అడిగాను. "తండ్రీ, యేసు పేరిట అడుగుతున్నాను, ఈమెను బతికించు."

కాసేపటికి నా అరచేతి కింద గర్భసంచి బిగిసింది. రక్తం తగ్గింది. మందు పనిచేయడానికి అంత సమయం పడుతుందని నాకు తెలుసు. అయినా ఒళ్ళు జలదరించింది. భూమినీ ఆకాశాన్నీ చేసినవాడితో, మధ్యలో ఎవరూ లేకుండా, నేను మాట్లాడాను. ఆయన విన్నాడు! డాక్టరమ్మ వచ్చేదాకా చెయ్యి తీయలేదు.

ఇంటికి వెళ్ళే రోజు యాదమ్మ అత్త నా కాళ్ళ మీద పడి, "నువ్వే మా దేవతవు" అంది. భుజాలు పట్టి లేపాను. "వద్దమ్మా, నేను గూడ మీ అసొంటి మనిషినే. దండం దేవునికి వెట్టు" అన్నాను.

"ఏ దేవునికి బిడ్డా? నువ్వు ఎవర్ని అడిగినవో చెప్పు, ఆయనకే పెడ్త" అందామె.

పరలోకంలో ఉన్న తండ్రిని, యేసు పేరిట అడిగానని చెప్పాను. తర్వాత నా దగ్గర పని నేర్చుకున్న ప్రతి నర్సుకూ రెండు సంగతులు చెప్పాను. రోగి మీద నుంచి చెయ్యి తీయవద్దు. మొర ఎవరికి పెడుతున్నారో తెలిసి పెట్టండి. ఆ ముసలమ్మ అదే ప్రశ్న ఒక వారం ముందు అడిగి ఉంటే, చర్చికి వెళ్ళే నా దగ్గర జవాబు ఉండేది కాదు.