శంకరప్ప గడ్డం నురగ

పక్షవాతం వచ్చాక శంకరప్పకు ఒక్క మాటే మిగిలింది. "వద్దు." నీళ్లు కావాలన్నా అదే, పడుకోవాలన్నా అదే. మనిషికి మాత్రం వేయి మాటల కోపం ఉండేది.

పూడూరు దగ్గర గొర్లు కాసుకునే ఇంట్లో పుట్టినవాడు. పెళ్లయిన కొత్తలోనే తాండూరు వచ్చి నాపరాళ్ల పాలిష్ యూనిట్‌లో గేటు కాపలాకు కుదిరాడు. అక్కడ అందరి మొహాలూ బండల దుమ్ముతో తెల్లబారి ఉంటే, ఆయన మాత్రం పొద్దున్నే నున్నగా గీసుకుని డ్యూటీ ఎక్కేవాడు.

వికారాబాద్ ఆస్పత్రిలో గడ్డం గీసేవాడొకడు ఉత్త నీళ్లు చల్లి బ్లేడు లాగితే గదవ మూడుచోట్ల చెక్కుకుపోయింది. శంకరప్ప బాగున్న ఎడమచేత్తో వాడిని ఒక్కటి కొట్టాడు. ఇంటికి తెచ్చాక కొడుకు పరమేశ్ ట్రిమ్మర్ కొనుక్కొచ్చాడు. శంకరప్ప దాన్ని గోడకేసి విసిరాడు.

"ఎంత మంచిగ చేసినా గిదే కత నాయినా నీది!" అని అరిచి పరమేశ్ ఆటో తీసుకుని కరణ్‌కోటకు పోయాడు.

భార్య మల్లీశ్వరి గడ్డం సబ్బు ముందరేసుకుంది. గిన్నె నిండా వేడినీళ్లు పోసి, బ్రష్‌తో గిలకొట్టి మొగుడి మొహానికి పూసింది. బుడగలు బుడగలుగా నీళ్లు మెడ మీదుగా అంగీలోకి కారాయి.

"వద్దు!" గిన్నెను తోసేశాడు, నీళ్లన్నీ ఒలికిపోయాయి.

పన్నెండు రోజులుగా సరిగ్గా నిద్రలేని మల్లీశ్వరి భగ్గుమంది. "ఏం వద్దు? నోరు పోయింది గాని రోషం పోలె! ముప్పై ఏండ్లు నా ముందటనే గీసుకున్నవ్. నురగ గిట్ల చెయ్యాలె అని ఒక్కనాడన్న చెప్పినవా? నాకెట్ల ఎరుక? గంత తెలిస్తే నువ్వే చేస్కో!" అని ఖాళీ గిన్నె, సబ్బు, బ్రష్ ఆయన ఒళ్లో పడేసింది.

శంకరప్ప బ్రష్ అందుకున్నాడు. ఎడమచేత్తో రుద్దుతుంటే గిన్నె జారిపోతోంది. ఆమె మొహం అటు తిప్పుకునే గిన్నె పట్టుకుంది. ఆయన బ్రష్‌ను పక్కన చెంబులోని గోరువెచ్చని నీళ్లలో నాననిచ్చి గట్టిగా దులిపాడు. దాదాపు పొడిగా ఉన్న కుచ్చుతో సబ్బును గుండ్రంగా చాలాసేపు రుద్దాడు. జిగటగా ముద్ద కట్టాక, వేలికొసతో ఒక్కో చుక్కే నీళ్లు వేస్తూ తిప్పాడు. మల్లీశ్వరి ఎప్పుడు ఇటు తిరిగిందో ఆమెకే తెలీదు. నురగ మీగడలా చిక్కబడి, బ్రష్ ఎత్తితే కొన నిలబడింది.

స్పర్శ లేని కుడి చెంప ఆయనకు దొరకలేదు. నురగ చెవికి పూసుకున్నాడు. ఆమె బ్రష్ గుంజుకుని, వెంట్రుకలు లేచేలా చెంపంతా సుళ్లు తిప్పింది. కాసేపు నాననిచ్చి రేజర్ పట్టింది. పెదవి పక్కన చిన్న గాటు పడింది. ఆయన గుడ్లురిమాడు.

"కదలకు! కదిలితే ముక్కు పోతది!"

నాలుగు నెలలైంది. రోజు విడిచి రోజు నురగ ఆయన చేస్తాడు, గీకడం ఆమె పని. చెవి కింద ఒక్క వెంట్రుక మిగిలినా వేలు పెట్టి చూపిస్తాడు, ఆమె తిడుతూనే మళ్లీ పూస్తుంది. కొన్నిరోజులు చెయ్యి వణికి బ్రష్ కింద పడిపోతుంది. శంకరప్ప పళ్లు కొరుకుతాడు. మల్లీశ్వరి తీసివ్వదు. గిన్నె పట్టుకుని అట్లాగే కూర్చుంటుంది, ఆయన వంగి తీసుకునేదాకా.