మంచు మీద కందిపొడి

ఖతార్‌లో కాపురం పెట్టినప్పటి నుంచి పొద్దున్నే పాదాలకు కొబ్బరినూనె పట్టించి మేజోళ్ళు తొడుక్కోవడం నాకు అలవాటు. రాత్రీ పగలూ ఏసీ గాలికి మడమలు పగుళ్ళిచ్చిపోతాయి మరి. ఆ అలవాటే మంచు దగ్గర నా కొంప ముంచబోయింది.

ఖతార్‌లోనే వెస్ట్ బేలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి బక్రీద్ సెలవుల్లో నన్నూ వాళ్ళ నాన్ననూ నార్వే తీసుకెళ్ళింది. అక్కడ హిమానీనదం ఉంది. పేరుకు నదే గానీ మన కంటికి పారదు, రెండు కొండల నడుమ గడ్డకట్టి కూర్చుంటుంది. దాని మీద ఒక్కసారి నా కాళ్ళతో నడవాలని ఒకటే ఆశ. దాని దగ్గరికి చేరాలంటే సరస్సులో కయాక్ నడుపుకుంటూ పోవాలట. అందుకోసం చలికాలమంతా శుక్రవారాలు ఖతార్‌లోని అల్ వక్రా సముద్రంలో నడపడం నేర్చుకున్నాను. కయాక్ అంటే మా గోదావరి వైపు తాటిదోనెలాంటి సన్నటి పడవే.

ఆ పొద్దున బసలో చూస్తే సీసాలో నూనె నెయ్యిలా పేరుకుపోయి ఉంది. హీటరు పక్కన పెట్టి కరిగించాను. చలి ఎక్కువ కదా అని రోజూ కంటే రెండింతలు పట్టించి, పైన మందపాటి మేజోళ్ళు వేశాను.

ముందు మోటారు పడవలో సరస్సు సగం దాటించారు. అక్కణ్ణుంచి నేనూ అమ్మాయీ ఒక కయాక్‌లో దిగాం. మోకాళ్ళ నొప్పులని మా ఆయన పడవ దిగలేదు, అందులోనే మా వెనకాల వచ్చారు. మంచుముక్కలు తేలుతూ వచ్చి తెడ్డుకు తగులుతుంటే వెనక నుంచి ఆయన ఒకటే కేకలు.

"యల్లా యల్లా! త్వరగా పోనీ! ఏంటే ఆ తిప్పడం, పప్పు గుత్తి తిప్పుతున్నావా?"

"కూర్చున్నవాళ్ళు ఎన్నైనా చెప్తారు లెండి!"

మేమూ పడవా ఒడ్డుకు చేరాక, దారి చూపించే పొడుగాటి అమ్మాయి అందరికీ బూట్లిచ్చి, వాటి కింద ఇనప పళ్ళు బిగించింది. నాలుగడుగులు వేశాను. బూటు నేల మీద గట్టిగానే ఉంది, నా పాదం మాత్రం లోపల జర్రున జారుతోంది. ఆ పిల్ల కనిపెట్టి మా అమ్మాయితో ఏదో అంది.

"అమ్మా, కాలు ఇలా జారితే మంచు మీద పడిపోతావంట. పడవలో నాన్నతో కూర్చోమంటోంది."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. బూట్లు విప్పితే మేజోళ్ళు నూనెలో ముంచి తీసినట్టున్నాయి. కాగితం రుమాళ్ళతో ఎంత తుడిచినా జిడ్డు వదల్లేదు. అప్పుడు అన్నాల సంచీ గుర్తొచ్చింది. అందులో కందిపొడి పొట్లం ఉంది.

"ఒసేయ్! అన్నంలో కలుపుకునేదే అది!" అన్నారాయన పడవలోంచి.

"జిడ్డుకు పిండే దిక్కండీ. తప్పైతే అన్నపూర్ణమ్మ నన్నే అడుగుతుంది, మిమ్మల్ని కాదు." పొట్లాన్ని ఒకసారి కళ్ళకద్దుకుని, పాదాలకు బరబరా రుద్దేశాను. ఆ పొడుగాటి పిల్ల కళ్ళు ఇంతలేసి చేసుకుంది.

"ఏంటని అడుగుతోందమ్మా! ఏం చెప్పను?"

"నలుగని చెప్పు."

పొడి నూనెనంతా పీల్చేసింది. దులిపి తుడుచుకునేసరికి ఆయన తన మేజోళ్ళు విప్పి ఉండచుట్టి నా ఒళ్ళోకి విసిరారు. "తొడుక్కో. నాకు పడవలో దుప్పటుందిలే. ఇంత దూరం వచ్చి నా మొహం చూస్తూ కూర్చుంటావా ఏంటి?"

ఆ పిల్ల బూటు పట్టుకుని గుంజి చూసింది. ఈసారి పాదం కదల్లేదు. తలూపింది.

ఇనప పళ్ళు మంచులోకి కరకరమని దిగాయి. దూరం నుంచి తెల్లగా కనబడినదంతా దగ్గరికెళితే లోపల నీలం. బట్టలకు నీలిమందు ఎక్కువైనప్పుడు బకెట్లో నీళ్ళుంటాయే, ఆ రంగు. పగుళ్ళ అడుగున ఎక్కడో నీళ్ళు గలగలమంటున్నాయి. చుట్టూ ఉన్న జనం కాళ్ళు కొయ్యబారాయని గంతులేస్తున్నారు. నాకు మాత్రం కందిపొడిలో ఎండుమిరప మడమల పగుళ్ళలోకి దిగి రెండు పాదాలూ భగభగమంటున్నాయి.

"కాళ్ళు గడ్డకట్టాయా అమ్మా? వెనక్కి వెళ్దామా?" అంది మా అమ్మాయి.

"మండిపోతున్నాయే తల్లీ. ఇంకాస్త పైకి పోదాం పద."