కాలేజీలను వెయిటింగ్ లిస్టులో పెట్టిన పెల్కీ మేడమ్

లోకమంతటా కాలేజీలు పిల్లల్ని వెయిటింగ్ లిస్టులో పెడతాయి. మా పెల్కీ మేడమ్ కాలేజీలనే వెయిటింగ్ లిస్టులో పెట్టేది.

మా హైస్కూల్లో పిల్లలకు కాలేజీ దారి చూపించే ఉద్యోగం ఆవిడది. ఆకులు రంగు మారే రోజుల్లో కాలేజీల వాళ్ళు కార్లేసుకుని దేశం ఉత్తరపు కొసనున్న మా అరూస్టుక్ దాకా వచ్చి తమ గొప్పలు చెప్పుకునేవాళ్ళు. మిగతా ఊళ్ళలో వాళ్ళు మాట్లాడతారు, పిల్లలు నోళ్ళు తెరుచుకుని వింటారు. మా ఊళ్ళో మాత్రం వచ్చినాయన్ని ఒక కాలు పొట్టిదైన కుర్చీలో కూర్చోబెట్టేవాళ్ళు. ఎదురుగా బెంచీ మీద పదకొండో తరగతి వాళ్ళం వరసగా కూర్చునేవాళ్ళం. పెల్కీ మేడమ్ గొంతు సవరించుకునేది.

"మీ గురించి చెప్పండి."

"మా కాలేజీని నూటయాభై ఏళ్ళ క్రితం..."

"అది మీరు పంచిన పుస్తకంలో ఉంది. లేనిది చెప్పండి. మీ కాలేజీకున్న లోపం ఒకటి? దాన్ని దిద్దుకోడానికి ఏం చేస్తున్నారు? పదేళ్ళ తర్వాత ఎక్కడుంటారు?"

వచ్చినాయన కుర్చీతోపాటు ఊగేవాడు. ఆవిడ ఆయన పుస్తకం అట్ట మాకు చూపించేది. "చూశారుగా, చెట్టు కింద ముగ్గురు నవ్వుతున్నారు. నిన్నటి కాలేజీ పుస్తకం మీదా ఇలాగే ముగ్గురు, ఇలాగే చెట్టు. అయ్యా, వీళ్ళకి క్లాసులుండవా?"

ఆ తర్వాత బెంచీ మీద ఒకరిని ఎంచి ఇంకొన్ని ప్రశ్నలు అడిగించేది. అన్నీ అయ్యాక లేచి నిలబడి తీర్పు చెప్పేది. "ఈ ఏడాది చాలా మంచి కాలేజీలు మమ్మల్ని అడిగాయి. మా దగ్గరున్న పిల్లలు తక్కువ. ప్రస్తుతానికి మిమ్మల్ని వెయిటింగ్ లిస్టులో పెడుతున్నాం. దీన్నిబట్టి మీరు పనికిరానివారని మాత్రం అనుకోకండి."

ఈ జబ్బు కాలేజీలతో ఆగలేదు. స్కూలు క్యాంటీన్లో కొత్త సూపు పెడితే రెండు చెంచాలు తాగి వెయిటింగ్ లిస్టు అనేది. పన్ను పీకాలన్న డాక్టరుదీ అదే గతి. ఆవిడ భర్త లయొనెల్ గారైతే, పెళ్ళి మాట అడిగాక రెండు పంటలు ఆగాల్సొచ్చిందట. "తర్వాత చర్చిలో పెళ్ళయితే అయింది గానీ, నా సీటు ఖాయమైందని ఈవిడ నోటితో ఇప్పటికీ చెప్పలేదు," అని ఆయన ప్లోయ్ అట్ల మీద వెన్న రాసుకుంటూ వచ్చినవాళ్ళందరికీ మొరపెట్టుకునేవాడు.

మా ప్రిన్సిపాల్ హస్కెల్ గారిది మెత్తటి ప్రాణం. జేబులో ఎప్పుడూ కడుపుమంట మాత్రలుండేవి. ఒకరోజు మా ముందే పెల్కీ మేడమ్‌ని సొంత పేరుతో పిలిచి నిలదీశాడు.

"వర్నా గారూ, బోస్టన్ నుంచి ఇక్కడికి పొద్దుట్నుంచి పొద్దుపోయేదాకా కారు తోలాలి. వచ్చేదే నలుగురు. వాళ్ళనీ మీరు ఏడిపించి పంపిస్తే మన పిల్లల గతేంటండీ?"

"ఇంతవరకూ ఎవరూ ఏడవలేదు. ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు గానీ అది జలుబు."

"అవన్నీ నాకొద్దు. ఇక మీద ఈ స్కూల్లో కాలేజీల వాళ్ళని ఒక్క ప్రశ్న అడగడానికి వీల్లేదు. ఇది ఆర్డరు!"

"ఆర్డరు చాలా బాగుందండీ. వెయిటింగ్ లిస్టులో పెడుతున్నా."

హస్కెల్ గారు రెండు మాత్రలు ఒకేసారి నోట్లో వేసుకున్నాడు.

ఇక్కడ మా ఓదిల్ గురించి చెప్పాలి. మా పెదనాన్న కూతురు, నా క్లాసే. మొక్కల జబ్బుల మీద మా ఊరి లైబ్రరీలో ఉన్నవన్నీ నమిలి మింగేసింది. ఆకుమాడు తెగులు తగిలి వాళ్ళ బంగాళాదుంప పంట ఒక ఏడు మొత్తం కుళ్ళిపోయింది. అప్పట్నుంచి దానికి అదే పట్టుదల. ఇంట్లో దాని నోటికి అడ్డూ ఆపూ ఉండదు. కొత్తమనిషి ఎదురైతే మాత్రం గొంతుకి తాళం పడేది. ఎవరైనా "నీ పేరేంటమ్మా?" అంటే పక్కనున్న నేను చెప్పాలి.

అది చదవాలనుకున్న చదువుకి పూర్తి ఖర్చు భరించే కాలేజీ ఒకటుంది. కానీ వాళ్ళు పదకొండో తరగతి చివర్లో మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడి చూస్తేగానీ ఆ సాయం ఇవ్వరు. "నోరు పెగలదురా రోలండ్. దుంపలు ఏరుకుంటూ ఇక్కడే ఉండిపోతా," అనేది ఓదిల్. నాకు ఒళ్ళు మండేది. తెలివి లేక ఆగిపోయేవాళ్ళని చూశాను గానీ, ఇంత తెలివి పెట్టుకుని గొంతు లేక ఆగిపోవడం ఏం న్యాయం?

ఆ ఏడు దుంపల సెలవులొచ్చాయి. పంట తీసే రోజుల్లో మా దగ్గర స్కూళ్ళు మూసేసి పిల్లలందరం పొలాల్లోకి దిగుతాం. దక్షిణాది కాలేజీల వాళ్ళకి ఇది ఎన్నేళ్ళు చెప్పినా బుర్రకెక్కదు. సరిగ్గా అప్పుడే వచ్చి తాళం వేసిన స్కూలు ముందు నిలబడతారు. ఆ ఏడు అలా నిలబడినాయన పేరు విట్‌కాంబ్. ఓదిల్ కోరుకున్న కాలేజీయే ఆయన్ని పంపింది. పెల్కీ మేడమ్ ఆయన్ని తన ట్రక్కులో ఎక్కించుకుని తిన్నగా మా పెదనాన్న పొలానికి తీసుకొచ్చింది.

"స్కూల్లో అడగొద్దని ఆర్డరు," అంది మాతో. "ఇది స్కూలు కాదుగా."

పొడుగాటి మనిషి, మెరిసే బూట్లు. దుంపలు తవ్వే యంత్రం మీదకి ఎక్కించింది. "ఆ టై చొక్కాలోకి దోపుకోండి. బెల్టులో పడిందంటే దుంపలతోపాటు మీరూ లారీలోకి వెళ్తారు."

కదిలే బెల్టు మీద దుంపలూ రాళ్ళూ మట్టిగడ్డలూ కలిసి వస్తుంటాయి. రెండు పక్కలా నిలబడి రాళ్ళేరి పారెయ్యాలి. దుమ్ము కళ్ళల్లో కొడుతుంది. మోత సంగతి చెప్పనక్కర్లేదు. విట్‌కాంబ్ గారికి సరిగ్గా ఎదురుగా ఓదిల్ ఉంది.

"అమ్మాయ్, ఇవ్వాళ ప్రశ్నలు నీవే!" అని కిందనుంచి అరిచింది పెల్కీ మేడమ్. నేను నోరు తెరవబోయాను. "రోలండ్, నువ్వు రాళ్ళేరు!"

ఓదిల్ ముఖం తెల్లబోయింది. పెదాలు కదిలాయి. "సార్, మీ కాలేజీ..."

"వినబడలేదు!" అన్నాడాయన.

"మీ కాలేజీ లోపం..."

"ఏంటమ్మా? వినబడలేదు!"

ఓదిల్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. యంత్రం దిగి పారిపోతుందేమో అనుకున్నాను. ఇంతలో విట్‌కాంబ్ గారు చేతికందిన గుండ్రటి దాన్ని తీసి బయటికి విసిరాడు. తర్వాత ఇంకోటి.

"అది రాయి కాదండీ! దుంప!" 

ఆ కేక ఓదిల్‌దే. పుట్టి బుద్ధెరిగాక కొత్తమనిషితో అది గొంతెత్తి అన్న మొదటి మాట అదే. రైతు కూతురు ఏదైనా ఓర్చుకుంటుంది గానీ కళ్ళముందు మంచి దుంప పారేస్తే ఓర్చుకోదు.

"అయ్యో, ఇదా?"

"అదీ దుంపే! చూసి తియ్యండి! అసలు మీ కాలేజీకున్న లోపమేంటో చెప్పండి ముందు!"

ఆయన చేతులు ఆగిపోయాయి. "మీలాంటి ఊళ్ళ పిల్లలు మా దగ్గర చేరతారు! క్రిస్మస్‌కి ఇంటికెళ్తారు! కొందరు తిరిగి రారు!" అని అరిచాడు.

"ఎందుకు?"

"తెలీదు!"

"అడగలేదా?"

"లేదు!"

"నూటయాభై ఏళ్ళ కాలేజీ అయ్యుండి నోరు తెరిచి అడగలేకపోయారా!" అంది ఓదిల్. ఆ మాట అంటున్నది ఎవరో తలుచుకుని, నవ్వు ఆపుకోడానికి మేమంతా తలొంచుకుని రాళ్ళేరుకున్నాం.

దిగాక పెల్కీ మేడమ్ ఓదిల్‌ని తీర్పు చెప్పమంది. ఓదిల్ మట్టి కొట్టుకున్న చేత్తో ముక్కు తుడుచుకుని, నేలకేసి చూస్తూ, "వెయిటింగ్ లిస్టు," అని గొణిగింది.

మే నెలలో విట్‌కాంబ్ గారు అసలు ఇంటర్వ్యూకి వచ్చి స్కూలు లైబ్రరీలో కూర్చున్నాడు. ఓదిల్ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. మోతా దుమ్మూ ఏమీ లేవు, గడియారం చప్పుడు ఒక్కటే. తాళం మళ్ళీ పడింది.

"మేడమ్, నావల్ల కాదు. వచ్చే ఏడు చూద్దాం."

"వచ్చే ఏడు ఎవరిక్కావాలి?" అని పెల్కీ మేడమ్ అటూ ఇటూ చూసింది. వరండా చివర మా స్కూలు పనివాడు ఆర్నీ నేలకి పాలిష్ పట్టే మెషిన్ తుడుచుకుంటున్నాడు. "ఆర్నీ! దాన్ని ఇటు తీసుకొచ్చి ఆన్ చెయ్యి."

"ఇక్కడ నిన్ననే పట్టానండీ."

"మళ్ళీ పట్టు!"

మెషిన్ గుర్రుమంది. కిటికీ అద్దాలు అదిరాయి. ఓదిల్ భుజాలు ఒక్కసారి కిందికి దిగాయి. గబగబా లోపలికెళ్ళి కూర్చుంది.

"మా కాలేజీకే ఎందుకు రావాలనుకుంటున్నావు?" అని అరిచాడు విట్‌కాంబ్ గారు.

"ఇంకా అనుకోలేదు!" అని అరిచింది ఓదిల్. "తిరిగిరాని వాళ్ళని అడిగారా?"

"ఇంకా లేదు!"

"మరి నేనెలా నమ్మేది?"

స్కూలు స్కూలంతా ఆ ఇంటర్వ్యూ విన్నది. లెక్కల క్లాసు ఆగిపోయింది. హస్కెల్ గారు మాత్రల సీసాతో పరిగెత్తుకొచ్చాడు. "వర్నా గారూ! ఆ మోత ఆపండి! ఆ పిల్ల ఆయన్ని తిడుతోందా?"

"తెగుళ్ళ గురించి చెప్తోంది. వినండి, నేర్చుకుంటారు."

ఓదిల్ ఆకుమాడు తెగులు దగ్గరికొచ్చింది. అది మంచులో ఎలా పాకుతుందో, వాళ్ళ నాన్న ఆ ఏడు కుళ్ళిన దుంపలు పూడుస్తూ ఎలా నిలబడ్డాడో చెప్తోంది. పెల్కీ మేడమ్ నెమ్మదిగా వంగి గోడకున్న ప్లగ్గు పీకేసింది. మోత ఆగింది. ఓదిల్ ఆగలేదు. మామూలు గొంతుతో, మామూలు మనిషిలా, గడియారం చప్పుడులో చెప్పుకుంటూ పోయింది. ఆర్నీ చెయ్యి మెషిన్ మీద అలాగే ఉండిపోయింది. హస్కెల్ గారు సీసా మూత పెట్టేశాడు.

అయ్యాక విట్‌కాంబ్ గారిని కారుదాకా సాగనంపే పని నాకు పడింది. ఉండబట్టలేక అడిగేశాను. "పొలంలో మా ఓదిల్ మొదటిసారి అడిగింది మీకు నిజంగా వినబడలేదా సార్?"

ఆయన నవ్వాడు. "శుభ్రంగా వినబడింది. మీ మేడమ్ నాకు ముందే ఫోన్ చేసింది. ఒక పిల్ల ప్రశ్న అడుగుతుంది, మూడుసార్లు వినబడలేదనండి అంది. నన్నే కాదు, ఇక్కడికొచ్చే వాళ్ళందర్నీ ముందు అడిగి, ఒప్పుకున్నాకే రమ్మంటుంది."

"ఆ పొట్టి కాలి కుర్చీ, ఆ వెయిటింగ్ లిస్టు, అన్నీ మీకు ముందే తెలుసా?"

"పిల్లలు మీ ముందు వణక్కుండా కూర్చోవాలంటే, ముందు మీరు వణకడం వాళ్ళు చూడాలి అంది. కాదని ఎలా అంటాం?"

"మరి దుంపలు పారెయ్యమన్నదీ ఆవిడేనా?"

"లేదు బాబూ," అన్నాడు ఆయన కారు తలుపు తీస్తూ. "అది నా సొంత తెలివితక్కువ."

ఆలోచిస్తే, బెంచీ మీద ప్రశ్నలడిగే వంతు ఎప్పుడూ క్లాసులో అందరికన్నా భయస్థులకే పడేది. మేమేమో ఆవిడకి కాలేజీలంటే పగ అనుకున్నాం. ఆవిడ పగ కాలేజీల మీద కాదు, మా భయం మీద.

మళ్ళీ దుంపల సెలవులొచ్చాయి. మేమిప్పుడు పన్నెండో తరగతి. పూర్తి ఖర్చు తామే భరిస్తామని కాలేజీ ఓదిల్‌కి ఉత్తరం రాసింది గానీ, అది ఇంకా ఒప్పుకోలేదు. విట్‌కాంబ్ గారు ఈసారి స్కూలు దగ్గర ఆగలేదు. సొంత రబ్బరు బూట్లు వేసుకుని తిన్నగా పొలానికొచ్చాడు. ఎవరూ పిలవకుండానే యంత్రమెక్కి ఓదిల్‌కి ఎదురుగా నిలబడ్డాడు.

"అడిగాను!" అని అరిచాడు. "తెలీనిది అడిగితే నవ్వుతారని వాళ్ళు ఎవర్నీ ఏమీ అడగలేదట! నెగ్గుకు రాలేక ఇంటికెళ్ళిపోయారట! ఇప్పుడు మేమే తలుపు కొట్టి అడుగుతున్నాం! ఇద్దరు తిరిగొచ్చారు!"

ఓదిల్ రెండు రాళ్ళు తీసి పారేసింది. ఆలోచించుకుంది. "సరే! మీ కాలేజీని చేర్చుకుంటున్నాం!"

"వినబడలేదు!" అన్నాడు ఆయన ముఖం నిండా నవ్వుతో.

పొలం గట్టున ట్రక్కు మెట్టు మీద నిలబడి ఉంది పెల్కీ మేడమ్. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "నాకూ వినబడలేదమ్మాయ్!" అంది.

ఓదిల్ ఊపిరి గుండెలనిండా పీల్చుకుని, అవతలి పొలం వాళ్ళు పని ఆపి తిరిగి చూసేలా అరిచింది. "మీ కాలేజీని చేర్చుకుంటున్నాం!"

విట్‌కాంబ్ గారు పట్టరాని సంతోషంతో చేతిలో ఉన్నదాన్ని గాల్లోకి విసిరేశాడు.

"సార్! అది దుంప!" అని బెల్టు చుట్టూ ఉన్నవాళ్ళందరం ఒక్కసారే అరిచాం.