నలభై నిమిషాల దూరం

తేజు పట్టణం నుంచి చైనా సరిహద్దు దగ్గరి వాలాంగ్‌కు విమానంలో నలభై నిమిషాలు పట్టింది. చైనా యుద్ధం జరిగిన ఏడు, అక్టోబరు. ఉదయం ఎనిమిదింటికి నది పక్క మట్టి రన్‌వే మీద దిగాము. ఎముకలు కొరికే చలి. ఒంటి మీద ఒక్క స్వెటరు, కాళ్లకు కాన్వాసు బూట్లు, వీపున వైర్‌లెస్ సెట్టు. నేను ఆపరేటరును. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడిని, విమానమెక్కిన మొదటివాడిని కూడా.

నాతో దిగిన వంటవాడిది జడ్చర్ల.

"పాలమూరు కెళ్లి నల్లగొండకు బస్సుల పోతె పొద్దూకుతది సారూ. గీ గాలిమోటారు జర మా దిక్కు తిప్పితె ఏం పోయింది?"

"దిగినంక మస్తు మాట్లాడుతున్నవ్. పైన కండ్లు తెరిచినవా?"

"పైన దేవుడుంటడు గద సారూ. ఎదురుబడితె ఏం చెప్పాల్నో తెల్వక మూసుకున్న."

కొండ మీద కందకాలు తవ్విన మా మోర్చాకు గంటన్నర ఎక్కాలి. దారి మిష్మీ అనే కొండజాతి వాళ్ల పల్లె నడుమ నుంచి పోతుంది. అక్కడ ఒక ముసలామె, పడుగు దారాల ఒక కొసను ఇంటి గుంజకు, రెండో కొసను తన నడుముకు కట్టుకొని, దారికి అడ్డంగా కూర్చుని నేస్తున్నది. జవాన్లు దాటబోయారు. నేను ఆపాను. మాది నల్గొండ దగ్గరి నేతగాళ్ల వాడ. వీధిలో పడుగు పరిస్తే ఎడ్లబండి అయినా చుట్టు తిరిగి పోవలసిందే, దాటరాదు. అందరమూ ముళ్లలోకి దిగి చుట్టు తిరిగాము. ఆమె నవ్వింది. నీళ్లకు దిగిన ప్రతిసారీ అట్లాగే తిరిగాము.

నవంబరు నడుమ, తెల్లవార్లూ సాగిన కాల్పుల తరువాత, పగలు పదకొండింటికి సెట్టులో మాట వచ్చింది.

"సెట్టు పగలగొట్టి దిగండి."

"మళ్లీ చెప్పండి."

"దిగండి. ఎవరి దారి వారిది."

పల్లెలోకి పరుగున వచ్చాము. ఆమె అక్కడే ఉంది. మమ్మల్ని చూసింది. మా వెనుక పొగను చూసింది. నడుముకు కట్టుకున్న పడుగు కొసను విప్పింది. సగం నేసిన బట్టను చుట్టుకొని, గుంజకు ఒదిగి నిలబడి, మాకు దారి ఇచ్చింది. ఆమెను కాపాడటానికి వెళ్లినవాళ్లం మేము. ఎవ్వరమూ తల ఎత్తలేదు.

తేజుకు తిరిగి చేరడానికి కాలినడకన పదమూడు రోజులు పట్టింది. వంటవాడి కాలివేళ్లు నల్లబడ్డాయి.

"గిప్పుడు తెలుస్తాంది సారూ," అన్నాడు, "నలభై నిమిషాలంటె ఎంత దూరమో."

సెలవు మీద ఇల్లు చేరేసరికి జనవరి. వాడలో బాపు పడుగు పరిచి ఉన్నాడు. పడుగుకు సాయం పట్టినవాళ్లంతా నన్ను చూసి చేతులాపారు.

"గాలిమోటారుల ఎంతసేపు పోయినవ్‌రా?" పొరుగింటి పెద్దాయన అడిగాడు.

"నలభై నిమిషాలు."

వాడంతా నోరు తెరిచింది.

"మరి వచ్చేటప్పుడో?"

నేను వంగి రేకు పెట్టె అందుకున్నాను. బాపు లేచాడు.

"అడుగుడు సాలు. నా కొడుకు దేశాన్ని కాసి వచ్చిండు. పడుగు తియ్యుండ్రి, తొవ్వ ఇయ్యుండ్రి." గుంజ దగ్గర ముడి మీద చెయ్యి వేశాడు.

"వద్దు బాపూ!" నా అరుపుకు నేనే ఉలిక్కిపడ్డాను. "సుట్టు తిరిగి వస్త."

రేకు పెట్టె నెత్తిన పెట్టుకొని, వాడ వెనుక కంపచెట్ల గుండా ఇంటికి నడిచాను. బాపు చేతులు ఆ ముడి మీద అట్లాగే ఆగి ఉన్నాయి. నాకు కనిపించినవి మాత్రం ఆమె చేతులు. సగం నేసిన బట్టను తొందర తొందరగా చుడుతున్నవి.