తడిగుడ్డ నాది

మొగుడి మీద అనుమానంతో కుళ్లుకునే ఆడవాళ్లు కలకత్తాలో మా వాట్‌గంజ్ పేటలో వాకిలికొకరు ఉంటారు. నాకా అవసరం ఎప్పుడూ రాలేదు. మా ఆయన పరాయి ఆడదాన్ని కన్నెత్తి చూడడు. నేను కుళ్లుకున్నది నేరుగా ఆయన్ని చూసే. కారణం మా నాన్న.

మా నాన్న ఏసీలు బాగుచేస్తాడు. తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడి ఓడరేవు డాకుల్లో మూటలు మోశాడు. నాన్న ఆ మూటలు తప్పించుకుని, ఓడల్లో చేపలు దాచే చల్లగదుల యంత్రాల దగ్గర పని నేర్చుకున్నాడు. తర్వాత గార్డెన్ రీచ్ వెళ్లే బస్సు రోడ్డు మీద చిన్న దుకాణం పెట్టుకున్నాడు. నేను ఒక్కతే కూతుర్ని. అమ్మ నా పెళ్లికి ముందే పోయింది. బడి లేని రోజుల్లో నాన్న నన్ను పనికి వెంట తీసుకెళ్లేవాడు. తడిగుడ్డ పని నాది.

తడిగుడ్డ అనగానే మనవాళ్లకు గొంతు కోయడమే గుర్తొస్తుంది. ఇది వేరే. ఏసీలో గ్యాసు ఎంత నింపాలో కంటికి కనపడదు. మామూలు థర్మామీటర్ గాలి ఎంత వేడిగా ఉందో చెప్పి ఊరుకుంటుంది. కలకత్తా గాలిలో వేడి సగమే, మిగతా సగం చెమ్మ, ఆ చెమ్మను కూడా యంత్రమే పిండాలి. అందుకని నాన్న దగ్గర ఒకే చెక్కకు బిగించిన రెండు థర్మామీటర్లు ఉన్నాయి. ఒకదాని బుడ్డికి తడిపిన నూలుగుడ్డ తొడుగుతాం. గదిలో గాలి యంత్రంలోకి పోయే జాలీ దగ్గర నిలబడి, పిడి పట్టుకుని గిరగిరా తిప్పితే, గుడ్డలో తడి ఆరుతూ ఆ బుడ్డిని చల్లబరుస్తుంది. గాలి పొడిగా ఉంటే దాని అంకె బాగా దిగుతుంది, చెమ్మగా ఉంటే కొంచెమే దిగుతుంది. ఆ అంకెనూ బయటి ఎండ అంకెనూ లెక్కల పట్టీలో చూసుకుంటే, గ్యాసు తిరిగొచ్చే గొట్టం, లోపల గ్యాసు మరిగే అంకె కంటే ఎంత వెచ్చగా ఉండాలో తెలుస్తుంది. అంతకు మించి వెచ్చబడితే గ్యాసు తక్కువైనట్టు, అంత వెచ్చన లేకపోతే ఎక్కువైనట్టు. చాలామంది మెకానిక్కులు గొట్టాన్ని చేత్తో పట్టుకుని చూసి, చల్లగానే ఉందిలే అని గ్యాసు డబ్బా కట్టేస్తారు. అలాంటివాళ్ల పేరెత్తితే నాన్న ఉమ్మేస్తాడు.

ఆ గుడ్డ బజార్లో దొరికేది కాదు. నాన్న పాత పంచెల్లో ఉతికి ఉతికి నలిగిన ముక్క చూసి, సబ్బు లేకుండా ఉత్త నీళ్లలో మరగబెట్టి, నీడన ఆరేసి, సన్నటి గొట్టంలా కుట్టేదాన్ని. నూనె చేతులతో ముట్టకూడదు. పెద్ద పనేం కాదు. కానీ అది సరిగ్గా లేకపోతే మిగతా కొలతలన్నీ దండగ. ఆ సంగతి నాకు తెలుసని నాన్నకు తెలుసు. దాన్ని ఆయన తిట్ల రూపంలో చెప్పేవాడు.

"ఒలే గుంటా, ఫ్రిజ్జు నీళ్లు ఎట్టీసినావేటి? గాలిని కొలుస్తన్నావా, ఐసుని కొలుస్తన్నావా?"

"ఒలే ఎర్రి గుంటా, నీ ఊపిరి తగుల్తంది దానికి. మొకం అటు తిప్పు."

ఒకసారి అలీపూర్‌లో ఒక పెద్దింటి బెంగాలీ ఆవిడ నన్ను పక్కకు పిలిచి, ఆయన నీ కన్నతండ్రేనా అని అడిగింది. నాకు నవ్వొచ్చింది. ఆవిడతో నాన్న ఎందుకంత మర్యాదగా మాట్లాడేవాడో ఆవిడకేం తెలుసు. పని రానివాళ్లందరితోనూ ఆయన అలాగే మాట్లాడతాడు. నాన్న నోట తిట్టు పడిందంటే పనిలో కలుపుకున్నాడని అర్థం. నేను సంచి నిండా తిట్లు వేసుకుని ఇంటికొచ్చి, హాయిగా నిద్రపోయేదాన్ని.

పెళ్లయ్యాక ఆ పని ఆగిపోయింది. "పెళ్లైన పిల్ల నిచ్చెనెక్కితే నలుగురూ నన్నంటారు" అన్నాడు నాన్న. దుకాణంలో కూర్చుని ఫోన్లు ఎత్తే పని ఇచ్చాడు. గుడ్డలు మాత్రం నేనే కుట్టి డబ్బాలో వేసి పంపేదాన్ని. ఇష్టం లేకపోయినా సర్దుకున్నాను. నాన్నతో ఇంకెవరూ వెళ్లడం లేదు కదా, ఒక్కడే వెళ్తున్నాడు కదా అని నన్ను నేను ఓదార్చుకున్నాను.

తర్వాత మా ఆయన పనిచేసే మొబైల్ దుకాణం మూతపడింది. ఆయనది నది అవతల లిలువా, రైల్వే వర్క్‌షాపు కుటుంబం. ఇంట్లో ఖాళీగా కూర్చుని గోళ్లు కొరుక్కుంటుంటే నాన్న పిలిచాడు. "బాబూ, మీకిష్టమైతే నాతోటి రండి. పని నేర్చుకుందురు గాని."

నాకు సంతోషమే కలగాలి. మొగుడికి పని దొరికింది. దుకాణం చేతులు మారినా ఇంట్లోనే ఉంటుంది. నిజం చెప్పొద్దూ, అరికాలి మంట నెత్తికెక్కింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా. కొలత కొలవడం పుట్టినప్పటి నుంచీ తెలిసినదాన్ని నేను ఫోను దగ్గర కూర్చున్నాను. తడిగుడ్డకూ తుడిచే గుడ్డకూ తేడా తెలియని మనిషి నాన్న పక్కన నిచ్చెన పట్టుకుని నడిచాడు.

పోనీ నేర్చుకుంటున్నాడు కదా, నాలుగు తిట్లు తింటాడులే అనుకున్నాను. అదీ లేదు. మాలో కాళ్లు కడిగి పిల్లనిచ్చిన అల్లుణ్ని మామ పల్లెత్తు మాట అనకూడదు. ఆయనొస్తే నాన్న కుర్చీలోంచి లేచి నిలబడతాడు. 'బాబూ', 'మీరు', 'తినండి', 'కూకోండి'. మా ఆయన పొరపాటు చేసిన రోజు సాయంత్రం దుకాణానికొచ్చి నాన్న నా మీద పడేవాడు. "ఒలే గుంటా, మీటరు గొట్టం బిగించకుండా గ్యాసు ఇప్పీతారేటి?" నేను ఆ రోజు దుకాణం దాటలేదు. మీటరు ముట్టుకోలేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, అల్లుడి మీద కోపం నా మీద చూపించేవాడు. మా ఆయన పక్కన నిలబడి, ఆ తిట్టులోంచి తనకు కావలసిన పాఠం ఏరుకునేవాడు. వాళ్లిద్దరికీ మధ్య నేనొక గొట్టాన్ని. అయినా నాకు కోపం రాలేదు. తిట్టు నాకే వస్తోంది కదా. అదొక్కటీ నాకు మిగిలింది.

జ్యేష్ఠమాసంలో బెంగాలీలకు జమాయ్ షష్ఠి అని అల్లుళ్ల పండగ వస్తుంది. ఇక్కడున్న మనవాళ్లకూ అలవాటైంది. అత్తగారు తాటాకు విసనకర్ర మీద నీళ్లు చల్లి అల్లుడికి విసరాలి. అత్తగారు లేరు కాబట్టి నాన్నే ఆ విసనకర్ర పట్టాడు. ఇలిశ చేప, అదే మన పులస, కొన్నది నేను, పొలుసు తీసింది నేను, వండింది నేను, తలకాయ మాత్రం మా ఆయన కంచంలోకి వెళ్లింది. నాన్న విసురుతూ, "ఈ విసనకర్ర గాలి కూడా తడిగుడ్డ లెక్కేనండి బాబూ, నీళ్లు ఆరినంతసేపే చల్లదనం" అని చెబుతున్నాడు. మా ఆయన ముల్లు తీసుకుంటూ బుద్ధిగా తలాడిస్తున్నాడు. నేను చెమటలు కక్కుతూ వడ్డించాను. నా వైపు ఒక్క విసురు విసిరితే ఏం పోయేది?

పోయిన వేసవిలో ఖిదిర్‌పూర్ బట్టల దుకాణం యజమాని నుంచి ఫోనొచ్చింది. వారం కిందట మీ జమాయ్‌బాబు వచ్చి గ్యాసు నింపి వెళ్లాడు, ఇప్పటికీ చల్లబడటం లేదు, కొనడానికొచ్చినవాళ్లు చీర పెట్టె అట్టలతో విసురుకుంటున్నారు అన్నాడు. ఆ మాట వినగానే నా కడుపు చల్లబడింది. అంతకు ముందు కొద్ది రోజులుగా నాన్నకు మోకాళ్లు పట్టేసి, మా ఆయన ఒక్కడే పనులకు వెళ్తున్నాడు. ఫోను పెట్టేసి, వీలైనంత బాధగా మొహం పెట్టి నాన్నకు చెప్పాను.

మా ఆయన మళ్లీ అక్కడికి బయలుదేరుతుంటే నాన్న తానూ వస్తానన్నాడు. మెట్లెక్కేటప్పుడు పట్టుకోవడానికి నేను షట్టరు దించి బయలుదేరాను. ఆయన మోకాళ్లు ఒక వంక మాత్రమే.

బట్టల దుకాణంలో నాన్న స్టూలు మీద కూర్చుని, "మొదట్నుంచీ ఓసారి కొలవండి బాబూ" అన్నాడు. మా ఆయన సంచిలోంచి థర్మామీటర్ల చెక్క తీశాడు. బుడ్డికి తొడిగి ఉన్నది నా గుడ్డ కాదు. కొత్తది, తెల్లగా పెళపెళలాడుతోంది.

"పాతది చిరిగిపోనాదండి మామయ్యా. అదే రోజు ఈ దాదా కొత్త తాంత్ చీర ముక్క ఇచ్చినాడు. మంచి నూలు" అన్నాడు.

మంచి నూలే. బెంగాల్ తాంత్ చీర ఎవరికి తెలియదు? గంజి పట్టించి పట్టించి, కట్టుకున్నా ఒంటికి అంటుకోనంత బిరుసుగా ఉంటుంది. ఆయన సీసాలో నీళ్లు దాని మీద పోశాడు. చేమాకు మీద నీటిబొట్టులా నీళ్లు జారి నేల మీద పడ్డాయి. అది చూసుకోకుండా జాలీ కిందకు వెళ్లి గిరగిరా తిప్పాడు. రెండు థర్మామీటర్లూ దాదాపు ఒకే గీత దగ్గర ఆగాయి.

"చెమ్మ బాగా ఎక్కువుందండి. రెండూ ఒకటే సెప్తన్నాయి" అన్నాడు, తెలిసినవాడిలా.

నాకు అంతా అర్థమైంది. వారం కిందటా ఈ పొడిగుడ్డతోనే కొలిచాడు. తడి అంకె ఎక్కువ చూపించింది. దాన్ని బట్టి పట్టీ చూస్తే గొట్టం వెచ్చగా ఉన్నా ఫర్వాలేదని చెప్పింది. సగం గ్యాసుతో వదిలేసి వచ్చాడు.

నేను నాన్న వైపు చూశాను. ఇప్పుడు తిట్టు నాకే పడాలి. ఒలే గుంటా, గంజిగుడ్డ ఎట్టనిచ్చినావేటి, నీ గుడ్డ ఏదీ అని అడగాలి. గడ్డం కొంచెం పైకెత్తి నిలబడ్డాను కూడా. ఈ ఒక్క తిట్టుతో తడిగుడ్డ ఎవరి పనో ఆ దుకాణంలో అందరికీ తెలిసిపోతుంది, మా ఆయనతో సహా.

నాన్న మోకాళ్ల సంగతి మరిచిపోయి లేచాడు.

"ఒరే గుంటడా, కళ్లెక్కడెట్టినావురా? గంజిగుడ్డ నీళ్లు తాగుతాదేటిరా? ఏసీ ఆడతన్న గదిలో రెండూ ఒకటే సెప్తే, అందులో ఒకటి అబద్ధమాడతన్నట్టు కాదేటి? ఇన్నాళ్లూ నేర్పింది బుర్రలోకి దిగిందా, ఖిదిర్‌పూర్ కాలవలో కలిసిపోనాదా?"

చీర విప్పుతున్న కుర్రాడు అలాగే ఆగిపోయాడు. దుకాణం దాదాకు తెలుగు రాకపోయినా విషయం అర్థమై గల్లాపెట్టె వైపు తల తిప్పుకున్నాడు. పదిమందిలో అల్లుణ్ని 'ఒరే' అన్నాడు మామ. మాలో అయితే దీనికి ఏడాది పాటు మాటలుండవు. అల్లుడు గుమ్మం తొక్కడు. నేను భయంగా మా ఆయన మొహం చూశాను. భయంగానే అని రాస్తున్నాను, ఆశగా అని కూడా రాయాలి.

మా ఆయన మొహం వెలిగిపోతోంది. తల దించుకున్నాడు కానీ నవ్వు ఆపుకోలేకపోతున్నాడు. "తప్పయిపోనాది మామయ్యా" అన్నాడు. ఎప్పుడూ ఉండే 'అండి' లేదు.

నాన్న తన భుజం మీది పాత గంచా తువ్వాలు చివర పళ్లతో కొరికి, పీలిక చింపాడు. ఎన్ని ఉతుకులు తిన్న గంచానో, నీళ్లు పొయ్యగానే పీల్చుకుంది. నేను ఊరుకోలేక ముందుకెళ్లి, "ఇలాగియ్యి నాన్నా, నేను తొడుగుతాను" అని చెయ్యి చాచాను.

నాన్న నా వైపు చూశాడు. అలీపూర్ ఆవిడతో మాట్లాడిన గొంతుతోనే మాట్లాడాడు. "ఒద్దమ్మా. నీకెందుకు కష్టం, నువ్వు కూకో. దాదా, మా అమ్మాయికి కుర్సీ ఎయ్యండి."

కుర్చీ వేశారు. చల్లటి కూల్ డ్రింకు తెచ్చి చేతికిచ్చారు. చుట్టపుచూపుగా వచ్చినదానిలా స్ట్రా నోట్లో పెట్టుకుని కూర్చున్నాను. మింగలేను, కక్కలేను.

ఈసారి తడిగుడ్డ అంకె బాగా కిందికి దిగింది. పట్టీ చూసుకుని, గొట్టానికి మీటరు బిగించి, ఇద్దరూ సిలిండరు దగ్గర గొంతుక్కూర్చున్నారు. "తొందరెందుకురా, మెల్లగా ఇప్పు." "ఆగరా, గొట్టం చల్లబడనీ." "మళ్లీ కొలువురా, మొకం అటు తిప్పుకుని." ప్రతి 'రా' నా చెవిలో పడింది. కొడుకు లేడని నాన్న ఏనాడూ అనలేదు. లేని కొడుకుతో ఎలా మాట్లాడాలో మాత్రం ఆయనకు బాగా తెలుసునని అక్కడ కూర్చున్నాక తెలిసింది. కాసేపటికి పైనుంచి చల్లగాలి దిగింది. చీరలు బేరమాడే ఆడవాళ్లు అట్టలు కింద పెట్టేశారు. నా మెడ చల్లబడింది, లోపల మాత్రం భగభగమంటూనే ఉంది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నాన్న మోకాళ్లు ముడవలేక డ్రైవరు పక్కన కూర్చున్నాడు. వెనక మేమిద్దరం, మా మధ్య పనిముట్ల సంచి. రోడ్డు మీద గుంటలొచ్చినప్పుడల్లా మా ఆయన ఆ సంచిని రెండు చేతులా పొదివి పట్టుకుంటున్నాడు. కొంత దూరం వెళ్లాక ఇక ఆగలేక నా వైపు వంగి, నాన్నకు వినపడకుండా అన్నాడు.

"మీ నాన్న నన్నెలాగ తిట్టినాడో ఇన్నావా?"

"ఇన్నాను" అన్నాను. "నన్ను ఇంతకన్నా బాగా తిట్టేవోడు."